పది నిమిషాల్లో బిగిసే ప్లాస్టర్

ఉదయం తొమ్మిదింటికే మూడో బస్తా కూడా నేలపాలైంది.

అద్దం మేస్త్రి చేతిలోని తాపీని గోడకేసి కొట్టాడు. జిప్సం బోర్డు మీద మూరెడు దూరం సాగిన పూత అక్కడే బిగుసుకుపోయి, పక్కుకట్టిన పుండులా మిగిలింది. సొంత ఊళ్ళో ఆయన నునుపు చేసిన గోడల్లో జనం ముఖం చూసుకునేవారని ఆ పేరు. ఇక్కడ, పరాయి దేశంలో కూతురూ అల్లుడూ కొనుక్కున్న పాత ఇంట్లో, ఒక్క గోడా ఆయన మాట వినడం లేదు.

ఆదివారానికి అద్దె గది ఖాళీ చెయ్యాలి. అప్పటికి ఈ పడగ్గదైనా తయారు కాకపోతే ముగ్గురూ వీధిలో పడతారు.

"ఏం బస్తా తెచ్చావయ్యా?"

"ఫినిషింగ్ ప్లాస్టరే మామయ్యా. బోర్డు మీద పల్చగా వేసేదే. గంట దాకా మెత్తగా ఉంటుందని బస్తా మీద రాశారు," అన్నాడు అల్లుడు.

"గంటా? పది నిమిషాలకే రాయైపోయింది. మొదటి కొట్టువాడు గరుకు ప్లాస్టర్ అంటగట్టాడు. రెండోవాడు అతుకులకి పూసే లప్పం ఇచ్చాడు. మూడోవాడు నీ మొహం చూసి పాడైన సరుకు పడేశాడు. చదువుకున్నవాడివి, చూసుకోనక్కర్లేదా?"

"చూసే తెచ్చాను. బస్తాలో తప్పు లేదు. చేతిలో ఉందేమో."

మేస్త్రి వంగి, గోడ రుద్దే చెక్క అందుకుని అల్లుడి మొహం మీద కొట్టాడు. ముక్కు చిట్లిన చప్పుడు గదిలో వినిపించింది. తెల్ల బోర్డు మీద రక్తం చిమ్మింది. అల్లుడు ఆయన గుండెల మీద చొక్కా పట్టుకుని వెనక్కి తోశాడు. ఇద్దరూ పేర్చిన బోర్డుల మీద పడ్డారు. బోర్డులు రెండుగా విరిగాయి. కింద పడి కూడా ముసలాయన చెక్క వదల్లేదు. మళ్ళీ ఎత్తాడు.

కూతురు పరుగున వచ్చి ఇనప మట్టపు బద్ద ఎత్తి పట్టుకుంది.

"ఇంకొక్క దెబ్బ వేశావంటే నీ తల పగులుతుంది నాన్నా. నేను ఆగను."

ఆమె గొంతు పెరగలేదు. అందుకే ఆయన ఆగాడు.

భర్త ముక్కుకి తువ్వాలు అదిమి, బయట మెట్ల మీద కూర్చోబెట్టి వచ్చింది. బకెట్‌లోకి తొంగిచూసింది.

"దీన్ని కడిగావా?"

"నీళ్ళు పోసి తిప్పాను. బకెట్‌తో ఏం పని?"

ఆమె బకెట్ వంచి, అడుగున పేరుకున్న పాత ప్లాస్టర్ పెచ్చుల్ని కత్తితో గీకింది. బకెట్ తళతళలాడేదాకా తోమింది. మూడోదానితో పాటు తెచ్చిన నాలుగో బస్తా విప్పి కలిపింది. పది నిమిషాలు గడిచాయి. ఇరవై. వెన్నలా అలాగే ఉంది.

మేస్త్రి తాపీతో తీసి గోడకి వేశాడు. పట్టుమీద చెయ్యి జారినట్టు జారింది.

"పాత పెచ్చు ఒక్కటి ఉన్నా కొత్తది తొందరగా బిగుస్తుంది," అంది కూతురు.

"నీకెవరు చెప్పారు?"

"అమ్మ. ముప్పై ఏళ్ళు నీ బకెట్లు తోమింది ఎవరనుకున్నావు?"

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పింది. నాకు పని నేర్పుతావటే అని చెంప పగలగొట్టావు. ఎడమ చెవి ఆ రోజే పోయింది. జ్వరానికి పోయిందని ఊరంతా చెప్పుకొచ్చావు. చచ్చేదాకా అమ్మా అదే చెప్పింది."

తాపీ ఆగింది. ఆ దెబ్బ తర్వాత భార్య ఎక్కడికెళ్ళినా తన ఎడమ పక్కనే నడిచేది. వినిపించే చెవి తన వైపు ఉండాలని. అది అలవాటనుకున్నాడు.

పూత బిగిసేలోగా గోడ పూర్తిచెయ్యాలి. చేశాడు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేకపోయింది.

తర్వాత బయటికి వెళ్ళి అల్లుడి ఎదుట నిలబడ్డాడు.

"తప్పు నాదే బాబూ."

"గోడ సంగతా, ముక్కు సంగతా?"

"రెండూ."

అల్లుడు కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు. మేస్త్రి కూర్చోలేదు.

"ఇంకొకరికి కూడా ఈ మాట చెప్పాలి."

"ఎవరికి మామయ్యా? కలిపిస్తానుండండి," అని అల్లుడు ఫోన్ తీశాడు.

మేస్త్రి ఆ ఫోన్ వంక చూస్తూ మెట్టు మీద కూలబడ్డాడు.