పెంగ్ కోసం చేతివల

ఖమ్‌లా ఇంటి కింద నాలుగు స్తంభాలూ బాంబు డొల్లలే. చెద పట్టదని తాత పాతాడు. పగిలిన ఇంకో డొల్లలో ఉల్లికాడలు పెరుగుతున్నాయి. లావోస్ కొండల్లోని ఆ ఊళ్ళో, యుద్ధం ముగిసి యాభై ఏళ్ళు దాటినా, బాంబుని వాడుకోని ఇల్లు లేదు. దానికి ఒకరినైనా బలివ్వని ఇల్లూ లేదు.

ఖమ్‌లా వంతు మొన్న వచ్చింది. ఆమె కూతుళ్ళిద్దరూ వెదురుకొమ్ములు తవ్వడానికి వెళ్ళారు. పెద్దది కేసొన్ పార దెబ్బకి మట్టిలో బాంబు పేలింది. అక్కడికక్కడే పోయింది. దుర్మరణమని శవాన్ని ఊళ్ళోకి రానివ్వలేదు, పొలిమేరలోనే పూడ్చేశారు. కడసారి ఇంటికి తెచ్చుకునే భాగ్యం కూడా ఆ తల్లికి లేకపోయింది. చిన్నది పెంగ్ ఒంటిమీద గీత కూడా పడలేదు. కానీ అప్పట్నుంచీ మాట లేదు, మెతుకు లేదు. కళ్ళు తెరుచుకునే పడి ఉంది.

"దీని ప్రాణం అక్కడే జారిపోయిందే," అంది ఖమ్‌లా తల్లి. "చేతివల పట్టుకెళ్ళి తోడుకురా. దీని పేరు ఒక్కటే పిలువు. పోయినదాని పేరెత్తావో, నామీద ఒట్టే."

"నాకు తెలీదా అమ్మా!"

"నీకు తెలుసు. నీ నోటికి తెలియాలిగా."

పొద్దు వాలుతుండగా ఖమ్‌లా బయల్దేరింది. చేపలు పట్టే ఆ వలలో పెంగ్ చొక్కా, జిగురన్నం ముద్ద, ఉడికించిన గుడ్డు. పేలని బాంబులున్నాయని హెచ్చరికగా పాతిన ఎర్రరంగు కర్రల దాకా దారి ఉంది. ఆ తర్వాత మొన్న శవాన్ని మోసినవాళ్ళ అడుగుల్లోనే అడుగు వేసింది. వెదుళ్ళు కిర్రుమంటున్నాయి. గుంత దగ్గర తడిమట్టి వాసన, దానికింద కాలిన వాసన. కీచురాళ్ళు ఒక్కసారిగా ఆగిపోయాయి.

గుంతమీద వల ఆడించింది. "రా తల్లీ... ఇంటికి రా... అన్నం చల్లారిపోతోంది..."

ఏళ్ళతరబడి ఇద్దర్నీ ఒకే ఊపిరిలో కేకేసిన నోరది.

"కేసొన్... పెంగ్... రండే..."

నాలుక కరుచుకుంది. ఆలస్యమైపోయింది.

వల బరువెక్కింది.

ఒక్కరి బరువే...

బోర్లించి మళ్ళీ పిలవాలి. ఆ సంగతి ఖమ్‌లాకి తెలుసు. కానీ ఏ తల్లి బోర్లిస్తుంది? పొలిమేర దాటనివ్వని బిడ్డేమో ఇది! వలను రొమ్ముకి హత్తుకుని, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

పెంగ్ మీద వల కప్పి, ప్రాణం మళ్ళీ జారిపోకుండా మణికట్టుకి తెల్లదారం కట్టింది. పిల్ల రెప్పలార్పింది.

"అమ్మా, ఆకలేస్తోంది."

ముసలమ్మ బావురుమంది. ఖమ్‌లా గబగబా ఆ గుడ్డు వలిచి ఇచ్చింది. పిల్ల తెల్లసొన తినేసి, పచ్చసొన జాగ్రత్తగా పక్కన పెట్టింది. కేసొన్ ఎప్పుడూ అలాగే చేసేది. పచ్చసొనంటే పెంగ్‌కి చెప్పలేనంత ఇష్టమని.

"తిను తల్లీ... అంతా నీకే," అంది ఖమ్‌లా.

"అది చెల్లికమ్మా. చీకటి పడుతోంది... దాన్నెందుకు తీసుకురాలేదు?"

ఖమ్‌లా వల లాక్కుని లేచింది. పిల్ల ఆమె లుంగీ అంచు గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడు పోకు," గుసగుసగా అంది. "అది నాకోసం తవ్వుతోంది."

పెంగ్ పార తలుపు వెనకాలే ఉంది. వెదుళ్ళవైపునుంచి చప్పుడు వినిపిస్తోంది.

టక్... టక్...