దెబోరా రాసిన ఎనిమిది ఆదివారాలు

"ఎవులు పంపినారమ్మా నిన్ను? మా ఇంట్లో ముగ్గురుమే ఉంటన్నాం. నాలుగోవోడు లేడు!"

దెబోరా గొడుగు మూయకముందే గురవమ్మ విరుచుకుపడింది. భవానీపూర్ కార్పొరేషన్ క్వార్టర్స్‌లో నోట్‌బుక్‌తో గడప తొక్కిన ప్రతి మనిషీ, ఇంట్లో లెక్కకి మించి ఎవరుంటున్నారో ఆరా తీయడానికే వస్తారని ఆమె నమ్మకం. అప్పటికే చిన్నకొడుకుని మంచం కిందకి తోసేసింది. పాపం, అతని కాళ్ళు బయటే ఉండిపోయాయి.

పెద్దకొడుకు కోదండం తల తుడుచుకుంటూ వచ్చి పడీపడీ నవ్వాడు.

"ఈవిడ ఆఫీసు మనిషి కాదమ్మా, క్రెష్‌లో పన్జేస్తాది. మన టుంపాని సూసి రాసుకోడానికొచ్చింది. నీకు సెప్పడం మరిసిపోనాను."

"పిల్లని సూసి రాసుకోడమేటి? దానికేటొచ్చిందని?"

గురవమ్మ అడిగినదాంట్లో తప్పేం లేదు. దెబోరాది నది అవతల షాలిమార్‌లో స్థిరపడ్డ తెలుగు రైల్వే కుటుంబం. వయసు ముప్పై రెండు. పదకొండేళ్ళుగా క్రెష్‌లో పరాయి పిల్లల ముక్కులు తుడుస్తోంది. ఇన్‌చార్జి కావాలంటే డిసెంబరులోగా డిప్లొమా చూపించాలన్నారు. అందుకే సైబర్ కేఫ్‌లో కూర్చుని ఆన్‌లైన్‌లో శిశు, కుటుంబ అధ్యయనం చదువుతోంది. అన్ని పేపర్లూ అయిపోయి, ఇదొక్కటే మిగిలింది. ఒక బిడ్డని వాళ్ళింట్లోనే ఎనిమిది ఆదివారాలు, గంటసేపు గమనించి రాయాలి. ఎత్తుకోకూడదు, ఆడించకూడదు. ఆ ఇల్లు పరాయివాళ్ళదే అయ్యుండాలి. ఆ ఇంటితో తనకి ఏ అనుబంధమూ లేదని చివర్లో రాసివ్వాలి.

నలుగురు బెంగాలీ తల్లులు కుదరదన్నారు. క్రెష్ వీధికి నీళ్ళ ట్యాంకర్ తెచ్చే కోదండం మాత్రం, "సూసుకో దిదిమణీ, సూడ్డానికి టిక్కెట్టేటుంది?" అన్నాడు. బళ్ళో టీచరమ్మని పిలిచినట్టు ఆ పిలుపొకటి!

కోదండం కూతురు టుంపాకి ఆరేళ్ళు. రెండేళ్ళ కిందట తల్లి జ్వరంతో పోయిన దగ్గర్నుంచి మాటలు తగ్గిపోయాయి. చినుకులు కారే కిటికీ దగ్గర కూర్చుని, గిన్నెలో బొరుగులు ఒక్కొక్కటే తినేది. దెబోరా మూలన కూర్చుని అదే రాసుకునేది. ఆ ఇంట్లో దిగులు గోడల చెమ్మలా ఉండేది, ఎంత తుడిచినా పోయేది కాదు.

"టీ తాగొచ్చని ఉన్నాదా మీ రూల్సులో?" కోదండం అడిగేవాడు.

"తాగొచ్చు. మాట్లాడకూడదు."

"మరిప్పుడు మాటాడినావు కదా! రాసీ, రాసీ."

నవ్వు ఆపుకోలేక ఆమె నోట్‌బుక్ అడ్డం పెట్టుకునేది. నాలుగో వారం అతను అడిగాడు.

"నా గురించి ఏటి రాసినావు?"

"తండ్రి బాగా నవ్విస్తాడు. పాప అటు తిరిగితే నవ్వు ఆపేస్తాడు."

కోదండం ఖాళీ టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. తన దుఃఖాన్ని ఇంత దగ్గరగా చూసిన మనిషి ఇంకొకరు లేరని అతనికి తెలిసిపోయింది. అతని మీద ఇష్టం కలిగిందని దెబోరాకీ తెలిసిపోయింది. షాలిమార్ వెళ్ళే దారంతా భయపడింది.

ఏడో ఆదివారం అతను గుమ్మం దాకా వచ్చాడు.

"ఆదివారం ఒక్కరోజే ఎందుకు? రోజూ ఇక్కడే ఉండిపోకూడదేటి?"

గొడుగు తెరవడం కూడా మర్చిపోయి తడుస్తూ నిలబడింది. "అలా అనకండి. నా చదువు మొత్తం పోతుంది."

అతని ముఖం వాడిపోయింది. "అయితే నాను అన్లేదు, నువ్విన్లేదు. ఒక్క వారమే కదా. నీ కంటపడను."

అన్నట్టే ఎనిమిదో వారం వసారాలోనే ఉండిపోయాడు. మిట్టమధ్యాహ్నమే చీకటి కమ్మింది, కరెంటు పోయింది. పెద్ద పిడుగు పడింది. టుంపా కెవ్వుమని లేచింది. పక్కనే నానమ్మ, గుమ్మంలోకి ఉరికొచ్చిన నాన్న. పిల్ల ఇద్దరినీ దాటి పరుగెత్తుకొచ్చి దెబోరా ఒళ్ళో తల దాచుకుంది.

ఆ పిల్లని ఇంటివాళ్ళకి అప్పగించాలని నియమం. దెబోరా చేతులు కాసేపు గాల్లోనే ఉండిపోయాయి. తర్వాత నియమం గియమం చూడలేదు, గట్టిగా హత్తుకుంది.

మర్నాడు సైబర్ కేఫ్‌లో ఆఖరి ప్రశ్న ఎదురైంది. ఈ కుటుంబంతో అనుబంధం ఉందా? లేదని ఒక్క క్లిక్ చాలు, ఎవరికీ తెలియదు. కానీ లేదంటే, ఆ పిల్ల పరుగెత్తి రావడం కూడా అబద్ధమైపోతుంది. ఉందని నొక్కేసి, స్క్రీన్ ముందే ఏడ్చింది.

మూడో రోజు జవాబొచ్చింది. పరిశీలన చెల్లదు, వచ్చే ఏడాది మళ్ళీ చేయాలి. శనివారానికల్లా క్రెష్ ఇన్‌చార్జి పని ఇంకొకరికి వెళ్ళిపోయింది.

తొమ్మిదో ఆదివారం నోట్‌బుక్ లేకుండానే వెళ్ళింది. జరిగింది విన్న కోదండానికి కోపమొచ్చింది.

"లేదని రాసీవలసింది! పదకొండేళ్ళు సాకిరీ సేసి, సేతులారా పోగొట్టుకుంతావా?"

"పోయింది. బాధగానే ఉంది. వచ్చే ఏడాది మళ్ళీ రాస్తాను." కళ్ళు తుడుచుకుంది. "మీ ట్యాంకర్ తిరిగే వీధుల్లో ఎవరైనా పరాయివాళ్ళిల్లు చూసిపెట్టండి. ఈ ఇంట్లో ఇంక కుదరదు."

అతను తన ట్యాంకర్ తిరిగే వీధులన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టసాగాడు. నీళ్ళ బండి నడిపేవాడికి ఈ పాటి మాట ఎక్కడానికి ఇంతసేపా అని గురవమ్మకే విసుగొచ్చింది.

"గుమ్మంలో నిలబెట్టీసినావేట్రా? లోపలికి రమ్మను. టుంపా పొద్దున్నుంచీ బొరుగులు ముట్టకుండా కూకున్నాది, ఈ పిల్లొస్తేనే గానీ తిన్దంట."