సంతకం లేని చార్టు

1983 మార్చి ఒకటి. మంగళవారం. ఉదయం 6:50.

కోల్టర్‌విల్ ఆసుపత్రిలో మందుల అలమర తెరిచారు. ఆరు మార్ఫిన్ సీసాలు లేవు.

తాళం పగలలేదు. అద్దం పగలలేదు. ముందు రోజు సాయంత్రం ఉన్న సీసాలు తెల్లారేసరికి మాయం.

ఆ అలమరకి తాళంచెవులు రెండే. ఒకటి ఫార్మసిస్టు లైల్ హోబర్ట్ దగ్గర, రెండోది నర్సు వెల్మా టర్లీ దగ్గర. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆసుపత్రి సూపరింటెండెంటు అంత దూరం పోలేదు. వీధికి అవతల ఆఫీసున్న వెండెల్ క్రాబ్‌ట్రీకి ఫోన్ చేశాడు.

క్రాబ్‌ట్రీ లై డిటెక్టర్ ఎగ్జామినర్. స్టేట్ లైసెన్స్ నంబర్ 47. ఆ రోజే ఇద్దరినీ మెషీనుకి కట్టి ప్రశ్నలడిగాడు. సాయంత్రం 4:00కి ఫలితం చెప్పాడు.

హోబర్ట్ పాస్. వెల్మా ఫెయిల్.

మర్నాడే వెల్మాని ఉద్యోగంలోంచి ఆపేశారు. నర్సు లైసెన్సు రద్దు చేయడానికి రాజధానిలో విచారణ పెట్టారు. మార్చి పదకొండు, శుక్రవారం, ఉదయం 10:00.

వెల్మా లైసెన్సింగ్ ఆఫీసుకి ఉత్తరం రాసింది. అందులో ఒకటే వాక్యం.

'ఆయన నా చేత సంతకం పెట్టించుకోలేదు.'

* * *

ఆ ఉత్తరం పట్టుకుని ఎమెట్ గ్రేడీ మార్చి తొమ్మిది, బుధవారం కోల్టర్‌విల్‌లో దిగాడు. అరవై మూడేళ్ళు. అరిగిపోయిన మోకాళ్ళు. రాష్ట్రం మొత్తానికి లై డిటెక్టర్ ఎగ్జామినర్ల మీద ఉన్న ఒకే ఒక్క ఇన్‌స్పెక్టరు.

దొంగల్ని పట్టడం అతని పని కాదు. దొంగల్ని పట్టేవాళ్ళకి లైసెన్సు సరిగ్గా ఉందా లేదా చూడటం అతని పని. డిగ్రీ గానీ, ఐదేళ్ళ డిటెక్టివ్ అనుభవం గానీ ఉండాలి. వేలిముద్రలివ్వాలి. ఆరు నెలలు సీనియర్ కింద పనిచేయాలి. రాత పరీక్ష, తర్వాత ప్రాక్టికల్. ఏటేటా రెన్యువల్. ఇన్ని గడపలు దాటినవాడు తప్పు చేయడని చట్టం నమ్మకం. ఎమెట్‌కి ఆ నమ్మకం పోయి చాలా కాలమైంది.

టైము 12:00. ఓపల్ హోటల్లో కాఫీ కప్పు ఎత్తాడు.

ఊరంతా దద్దరిల్లేలా సైరన్ కూసింది. లేచింది, తగ్గింది, మళ్ళీ లేచింది. కాఫీ సగం చొక్కా మీద పడింది.

చుట్టూ చూశాడు. ఒక్కడు తల ఎత్తితే ఒట్టు. అందరూ చిక్కుళ్ళ సూప్ జుర్రుకుంటున్నారు.

"ఏం పెద్దాయనా, చెయ్యి కాలిందా?" అంది ఓపల్ గుడ్డ తెచ్చి.

"ఆ సైరన్‌కి గుండె ఆగినంత పనైంది."

"ఏ సైరన్?"

ఎమెట్ ఆమె మొహంలోకి చూశాడు. వేళాకోళం కాదు.

"ఓ, అదా! ఫైర్ స్టేషన్‌ది. రోజూ మధ్యాహ్నం వేస్తారు. మేం వినం లెండి" అని నవ్వేసి వెళ్ళిపోయింది.

* * *

1:30. వెల్మా వంటగది.

యాభై రెండేళ్ళ మనిషి. తొమ్మిది రోజుల్లో చిక్కి సగమైంది. పోయిన ఏడాది భర్త పోయాడు, ఇప్పుడిది. గోరుచుట్టు మీద రోకటి పోటు.

"సంతకం సంగతి మీకెలా తెలుసు?"

"మా మరిది లారీ డ్రైవరు సార్. పక్క కౌంటీలో వాడికీ టెస్టు చేశారు. మొదలెట్టకముందే మెషీన్ గీతలు గీసే ఆ చార్టు కాయితం మీద సంతకం పెట్టించుకున్నారట. నన్నడగలేదు."

"మిమ్మల్ని ఎన్నింటికి కూర్చోబెట్టారు?"

"పదింబావుకి."

"పన్నెండింటికి ఎక్కడున్నారు?"

"క్యాంటీన్లో. సూప్ తిందామని కూర్చున్నా, సహించలేదు."

ఎమెట్ రాసుకున్నాడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటికేసే చూస్తోంది.

"ఒకటడగనా సార్? మనిషికి తెలీకుండా చెయ్యి దొంగతనం చేస్తుందా?"

"ఏంటమ్మా?"

"ముందు నేను తీయలేదనే అనుకున్నా. కానీ మెషీన్ అబద్ధం చెప్పదు కదా. ముప్పై ఏళ్ళు అవే చేతులు. ఏమో, నిద్రమత్తులో తీశానేమోనని ఇల్లంతా వెతికా. బియ్యం డబ్బాలో కూడా చూశా."

ఎమెట్ పెన్ను మూసేశాడు. ఉద్యోగం పోతే మనిషి బతుకుతుంది. తన మీద తనకే అనుమానం వస్తే ఎలా బతుకుతుంది? అతనికి ఒళ్ళు మండింది. చాలా ఏళ్ళ తర్వాత మండింది.

* * *

3:00. ఆసుపత్రి మందుల గది. లైల్ హోబర్ట్.

నలభై ఏళ్ళవాడు. నడుం పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

"టెస్టు ఎన్నింటికి?"

"పదకొండు యాభైకి వెళ్ళాను. కట్టడం అదీ అయ్యేసరికి ఇంకో ఏడెనిమిది నిమిషాలు."

"మధ్యలో ఏదైనా చప్పుడు? అంతరాయం?"

"ఏమీ లేదండీ. చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం."

"చార్టు మీద సంతకం పెట్టారా?"

"లేదు. పెట్టాలా?"

4:10. క్రాబ్‌ట్రీ ఆఫీసు. గోడకి మేకు, మేకుకి ఫ్రేము, ఫ్రేములో లైసెన్సు. ఇరవై రెండేళ్ళ కిందట దాని మీద సంతకం చేసిన ముగ్గురిలో ఎమెట్ ఒకడు.

"నా మీదే ఎంక్వైరీకి వచ్చావట్రా?" అన్నాడు క్రాబ్‌ట్రీ.

"ఏం చేయను? ఇంకెవరూ లేరు. చార్టులు తియ్యి."

రెండు కాయితం చుట్టలు బల్ల మీద పరిచాడు. ఊపిరికొక గీత, చెమటకొక గీత, రక్తపోటుకొక గీత. 'టర్లీ, 10:15' అని రాసినదాంట్లో ఐదో ప్రశ్న దగ్గర మూడు పెన్నులూ ఒక్కసారి ఎగిరాయి. తొమ్మిదో ప్రశ్న దగ్గర మళ్ళీ ఎగిరాయి. 'హోబర్ట్, 11:58' అని రాసినది చెరువు నీళ్ళలా ఉంది.

ఐదో ప్రశ్న: ఆ మార్ఫిన్ తీసింది నువ్వేనా?

"చూశావుగా" అన్నాడు క్రాబ్‌ట్రీ. "గుడ్డివాడు కూడా చెప్తాడు."

"సంతకాలేవి?"

"బిజీ రోజు. ఇద్దరే కదా, ఎవరిది ఏదో నాకు తెలీదా? పేర్లు లంచ్ తర్వాత రాశా."

"కిందటి అక్టోబర్లో లైసెన్సు ప్రాక్టికల్‌కి నువ్వే పరీక్షాధికారివి. వచ్చిన ఆ అమ్మాయిని ఎందుకు ఫెయిల్ చేశావు?"

క్రాబ్‌ట్రీ చార్టులు చుట్టడం మొదలెట్టాడు.

"సంతకం తీసుకోలేదని" అన్నాడు ఎమెట్. "నేనూ అదే బల్ల దగ్గర కూర్చున్నా. గంటసేపు క్లాసు పీకావు."

చెప్పేవి శ్రీరంగ నీతులు అంటే ఇదే.

సంతకం లేదన్న ఒక్క కారణం చాలు, టెస్టు చెల్లదని రాసేయడానికి. కానీ దొంగ అన్న మాట వెల్మా మీద అలాగే ఉంటుంది. బియ్యం డబ్బాలో ఆమె మళ్ళీ వెతుక్కుంటూనే ఉంటుంది.

* * *

గురువారం ఉదయం 7:20. ఓపల్ హోటల్.

"ఇవాళ పన్నెండింటికి కప్పు గట్టిగా పట్టుకోండి పెద్దాయనా" అంది ఓపల్.

ఎమెట్ చేతిలోని రొట్టెముక్క గ్రేవీలోనే ఆగిపోయింది.

లేచి హోటల్ ఫోన్లో షెరీఫ్‌ని పిలిచాడు.

* * *

11:45. క్రాబ్‌ట్రీ టెస్టు గది.

గోడవారగా వెల్మా, హోబర్ట్. గుమ్మంలో పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ షెరీఫ్ కర్టిస్ డన్.

"వెండెల్, మెషీన్ తనిఖీ చేయాలి. నువ్వు కుర్చీలో కూర్చో."

"నేనా?"

"నాకూ లైసెన్సుంది. నంబర్ 12. ముందు సంతకం పెట్టు."

క్రాబ్‌ట్రీ ఎర్రబడ్డ మొహంతో చార్టు మొదట్లో సంతకం పెట్టాడు. ఎమెట్ అతని చేతికి పట్టీ, ఛాతీకి గొట్టం, వేళ్ళకి తీగలు కట్టాడు. పెన్నులు కదిలాయి. 11:58.

"నీ పేరు వెండెల్లేనా?"

"అవును."

"ఇది కోల్టర్‌విల్లేనా?"

"అవును."

గీతలు నిదానంగా సాగుతున్నాయి. ఎమెట్ గోడ గడియారం చూస్తూ ఇంకో రెండడిగాడు.

"ఇవాళ గురువారమేనా?"

"అవును."

పెన్నులు ఎగిరాయి. మూడూ ఒక్కసారే. తగ్గాయి. మళ్ళీ లేచాయి.

ఇంకో నిమిషం ఆగి ఎమెట్ మెషీన్ ఆపాడు. "ఇవాళ గురువారమని అబద్ధమాడావు వెండెల్. ఎందుకంత భయం?"

"నీకు మతి పోయిందా? గురువారమే!"

"అప్పుడేమైనా విన్నావా?"

"ఏం వినాలి?"

షెరీఫ్ పుల్ల నోట్లోంచి తీశాడు. "నూన్ సైరన్" అన్నాడు మెల్లగా. "నేనూ వినలేదు."

"ఈ ఊళ్ళో ఎవరి చెవులూ వినవు. గుండె మాత్రం వింటుంది."

ఎమెట్ మూడు చార్టులు బల్ల మీద ఒకదాని కింద ఒకటి పరిచాడు. క్రాబ్‌ట్రీది. దాని కింద 'టర్లీ, 10:15'. ఐదో ప్రశ్న దగ్గర అవే రెండు కొండలు. మధ్యలో అదే లోయ. స్కేలు పెట్టి కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఈ చార్టు పదింబావుది కాదు. పన్నెండింటిది. పన్నెండింటికి వెల్మా గారు క్యాంటీన్లో సూప్ ముందు కూర్చుని ఉన్నారు. ఇక ఇది చూడండి. 'హోబర్ట్, 11:58'. ఇందులో సైరనే లేదు. ఈ ఊళ్ళో 11:58కి మొదలైన చార్టులో సైరన్ లేకుండా ఎలా ఉంటుంది?"

క్రాబ్‌ట్రీ రెండు చార్టులకేసీ చూశాడు. మొహంలో నెత్తురు లేదు.

"పేర్లు తారుమారు రాశాను" అన్నాడు.

"అంటే... ఆ నున్నటిది నాదా?" అంది వెల్మా.

"మీదేనమ్మా."

హోబర్ట్ గొంతు సవరించుకున్నాడు. "అయితే నా పెన్నులు సైరన్‌కి ఎగిరాయి. అంతేగా? దాంతో నేను దొంగనైపోతానా?"

"అవరు" అన్నాడు ఎమెట్. "మెషీన్ మాట నేను ముప్పై ఏళ్ళ కిందటే నమ్మడం మానేశాను."

"తొమ్మిదో ప్రశ్న."

మాట్లాడింది క్రాబ్‌ట్రీ. చేతికి ఇంకా పట్టీ ఉంది.

"అదే ప్రశ్న మళ్ళీ అడిగాను లైల్. అప్పటికి సైరన్ ఆగి నిమిషం దాటింది. అక్కడా ఎగిరింది. నీది నీ పేరు మీద చూసుంటే ఆ రోజే నిలదీసేవాణ్ణి."

షెరీఫ్ గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. "లైల్, నీ కారు డిక్కీ తెరుస్తావా, వారెంట్ తెప్పించనా?"

హోబర్ట్ నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. నిలబడలేక గోడకి ఆనుకున్నాడు.

"నాలుగు ఖాళీ. రెండు మిగిలాయి" అన్నాడు. "రెండేళ్ళ కిందట వెన్నుకి ఆపరేషన్ చేశారు. మొదట నొప్పి కోసం తీసుకున్నా. తర్వాత దాని కోసమే." వెల్మా వైపు చూడలేక నేలకేసి చూశాడు. "పాసయ్యావన్నప్పుడు నాకే ఆశ్చర్యమేసింది. నోరు విప్పలేదు."

వెల్మా ఏడవలేదు, తిట్టలేదు. "నేను నా బియ్యం డబ్బాలో వెతుక్కున్నాను లైల్" అంది. అంతే.

షెరీఫ్ హోబర్ట్‌ని తీసుకెళ్ళాడు. 12:20.

క్రాబ్‌ట్రీ పట్టీలు తనే విప్పుకున్నాడు. గోడ దగ్గరికి వెళ్ళి ఫ్రేము దించి, చొక్కా చేతితో దుమ్ము తుడిచి ఎమెట్‌కి ఇచ్చాడు.

"రేపు విచారణలో అన్నీ చెప్పు. నన్ను కాపాడాలని చూడకు."

"చూడను" అన్నాడు ఎమెట్. ఆ మాట అనడం కష్టంగానే ఉంది.

వెల్మా బల్ల దగ్గరికి వచ్చింది. నున్నటి గీతల చార్టు మీద వేలు పెట్టి చివరిదాకా జరిపింది.

"సార్, దీని మీద ఇప్పుడు సంతకం పెట్టొచ్చా?"

"ఇప్పుడు పెడితే చట్టం ప్రకారం చెల్లదమ్మా. పైగా అది సాక్ష్యం."

"చట్టానికి కాదు సార్. నాకు."

ఎమెట్ క్రాబ్‌ట్రీ వైపు చూశాడు. లైసెన్సు లేని క్రాబ్‌ట్రీ జేబులోంచి పెన్ను తీశాడు. క్యాప్ విప్పి, రెండు చేతులతో ఆమెకి అందించాడు.

"కింద తేదీ వేయండి వెల్మా" అన్నాడు. "ఇవాళ్టి తేదీ."

ఆమె పేరు మొత్తం రాసింది. అదే చేత్తో తేదీ వేసింది.