చిత్రిక పట్టిన గీత

ఓడ లోపల ఎవరో నడుస్తున్నారని నాకు మొదట చెప్పింది మా తమ్ముడు. వాడు మోటార్లు చుట్టేవాడు, దెయ్యాల కబుర్లు చెప్పే రకం కాదు. నేను వడ్రంగిని. నలభై ఏళ్లలో నా చేతి నుంచి వంకర బల్ల ఒక్కటి బయటికి పోలేదు. అక్షరాలు మాత్రం వంకరే, సర్దుకోండి.

ఓడంటే నీళ్ల మీదది కాదు. చుక్కల మధ్య తిరిగే ఓడ. అలాంటిది ఎక్కడా లేదు, గీతలాయన బుర్రలో తప్ప. ఇళ్ల ప్లాన్లు గీసే మనిషి, అందుకే ఆ పేరు. సొరచేప పొట్ట, పొట్టి రెక్కలు, వెనక మూడు గొట్టాలు. మనిషి పొడవుకు మించిన బొమ్మ. దాన్ని నిజంగా ఎగరేయాలని ఆయన పంతం. గీత ఆయనది, చెక్క నాది, మోటార్లు తమ్ముడివి. పక్కటెముకలన్నీ తేలిక చెక్కలో నేనే కోశాను. ఒక్కటి కూడా కొన్నది కాదు.

గొడవ తూకం గుర్తు దగ్గర వచ్చింది. ఎగిరే బొమ్మకి రెక్కల కింద ఒక గీత ఉంటుంది. ఆ గీత దగ్గర రెండు దిమ్మెల మీద నిలబెడితే బొమ్మ అటూ ఇటూ వాలకూడదు. గీత తప్పితే గాల్లో అదుపు తప్పుతుంది. నేను చెప్పిన చోటికి నాలుగు వేళ్లు వెనక్కి గీశాడాయన. తప్పన్నాను.

"చెక్క కోసేవాడివి, చెక్క కోసుకో" అన్నాడు. నలుగురి ముందు.

ఆ మాట నేను మరిచిపోలేదు. మరుసటి నెల ఆయన గుండె ఆగి పోయాడు. చూడ్డానికి వెళ్లలేదు. ఆయన పెన్సిలు గీతని చిత్రిక పట్టి లేపేసి, నా గుర్తు పెట్టుకున్నాను. తమ్ముడికి కూడా చెప్పలేదు.

పొట్ట మూసి జిగురేసిన మర్నాడు, మధ్యాహ్నం. ఓడ దిమ్మెల మీద, నా గుర్తు దగ్గర, నిలిచిన నీళ్లలా మట్టంగా ఉంది.

"అన్నా, లోపల ఎవరో నడుస్తున్నారు."

"నీ మొహం. ఎలక అయ్యుంటుంది."

"ఎలకకి అంత బరువెక్కడిది? చూడు."

చూశాను. ముక్కు మెల్లగా కిందికి వాలింది. ఆగింది. లేచింది. ఇప్పుడు తోక వాలింది. పొడవాటి పలక మీద మనిషి ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే ఎలా వాలుతుందో, అలా. గాలి లేదు. ఫ్యాను తిరగడం లేదు. అప్పుడే చెక్కిన పెన్సిలు వాసన వచ్చింది. గీతలాయన బ్లేడుతో చెక్కుకునేవాడు, ఆయన గదిలో ఎప్పుడూ ఆ వాసనే. తర్వాత పొట్టలోంచి చప్పుడు. గర్ర్... ఆగి, గర్ర్... స్కేలు పెట్టి చెక్క మీద గీస్తున్నట్టు.

తమ్ముడు వంగి రెక్క కింద చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఆయన గీత ఏమైందన్నా?"

నేను దిమ్మెలు సర్దాను.

"పొట్ట విప్పుదాం. ఆయన గుర్తు మీద ఒక్కసారి నిలబెట్టి చూద్దాం. పోయినవాళ్లతో పంతమేంటి?"

"నా వేలు తప్పదు. బ్యాటరీ వదులైంది, అంతే" అన్నాను. బ్యాటరీ బిగువుగానే ఉంది. అయినా బ్యాటరీ గూడు తలుపు తీసి ఇంకో పట్టీ బిగించాను. కదలిక ఆగింది. చూశావా అన్నట్టు వాడి వైపు చూశాను.

గాలి పడుకున్న వేళ కావాలని, తెల్లారుతుండగా మైదానానికి వెళ్లాం. పొగమంచు. మా ఎగిరే బొమ్మల సంఘం వాళ్లు ఏడుగురు వచ్చారు. ఓడ లేచింది. ఎంత అందంగా లేచిందో! ఒక చుట్టు. రెండో చుట్టు. రిమోట్ పట్టుకుని తమ్ముడు చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"నీ వేలు తప్పదన్నా!"

మూడో చుట్టులో ముక్కు వాలింది. లేచింది. తోక వాలింది. మళ్లీ ముక్కు... నడక.

"అన్నా... నేను తిప్పడం లేదు."

"దించెయ్."

"మాట వినడం లేదు..."

ఓడ మంచులోకి పోయింది. మోటార్ల మోత ఆగింది. ఎక్కడా పడిన చప్పుడు లేదు. అందరం మెడలు ఎత్తి నిలబడ్డాం. పెన్సిలు వాసన... మా వెనక నుంచి.

తమ్ముడు తల తిప్పేలోపే ఓడ వచ్చి వాడి మీద పడింది. చప్పుడు లేకుండా.

వాడు మళ్లీ లేవలేదు.

ముక్కలు నేనే ఏరాను. పొట్ట చీలిపోయి ఉంది. జిగురేసి మూసిన పక్కటెముక మీద, చెయ్యి పట్టని లోపలి వైపు, కొత్త పెన్సిలు గీత. నాలుగు వేళ్లు వెనక్కి. దాని పక్కన గుప్పెడు పెన్సిలు పొట్టు.

సంఘం పుస్తకంలో ఏం రాశారో తెలుసా? "వడ్రంగి పెట్టిన తూకం గుర్తు తప్పు" అని. పొట్టు చూపిస్తే మొహాలు తిప్పుకున్నారు. తమ్ముడి భార్య నా గడప తొక్కడం మానేసింది.

ఆయన గీత లేపేసింది నేనే, ఒప్పుకుంటాను. నా గుర్తు మాత్రం తప్పు కాదు. రెండు చుట్లు మట్టంగా ఎగిరింది, ఏడుగురు చూశారు.

ఇది రాస్తున్న బల్ల నేను చేసిందే. దాని మీద రసమట్టం పెట్టాను. బుడగ నడిమధ్య నిలవడం లేదు. ఆ చివరికి పోతోంది... ఆగుతోంది... మళ్లీ నా వైపు వస్తోంది.

అక్షరం బాగా వచ్చినవాళ్లు ఎవరైనా త్వరగా సంఘానికి వెళ్లండి. ఆ మాట కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాయండి. పెన్సిలుతో మాత్రం రాయకండి.