కోయకుండానే ఎలా తెలిసింది?

జావ గిన్నె దించుతూ మాల్‌సున్ కోడలి ముఖంకేసి అనుమానంగా చూసింది. హేరన్ పిల్లకు జడ వేస్తూ కూనిరాగం తీస్తోంది. మెదడులో గడ్డ ఉన్న పిల్ల తల్లికి పాటలొస్తాయా? ఏదో దాస్తోంది!

ఆరేళ్ల సోల్బీ పొద్దున్నే వాంతులు చేసుకుంటుంటే అరగలేదనుకుంది మాల్‌సున్. ఆ వీధిలో ఏ నానమ్మయినా చేసేదే చేసింది. వీపు నిమిరి, బొటనవేలికి దారం చుట్టి, సూదితో గుచ్చి నల్లరక్తం తీసింది. పిల్ల నడక తూలడం మొదలయ్యాకే హేరన్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. నిన్న స్కానింగ్‌లో గడ్డ బయటపడింది.

"సోల్బీ, లోపలికెళ్లి సాక్సులు వేసుకో" అని పిల్లను పంపి, "కోసి ముక్క తీసి చూశారా?" అని అడిగింది మాల్‌సున్.

"లేదత్తయ్యా. స్కానింగ్‌లోనే చాలావరకు తెలిసిందట. అంత చెడ్డ రకం కాదట. మీరేం దిగులు పెట్టుకోకండి."

దిగులు పెట్టుకోకండి! సరిగ్గా ఈ మాటే తను మొగుడికి చెప్పింది, కడుపులో క్యాన్సరుంటే ఉత్త పుండేనని. ఆయన పోయేదాకా ఇంటిల్లిపాదీ ఆ మాట మీదే నిలబడ్డారు. ఆ ఊళ్లో రోగికీ, ముసలివాళ్లకీ నిజం చెప్పే ఇల్లెక్కడుంది గనక!

"చాల్లే నీ కబుర్లు! ఆయన్నీ కోయక్కర్లేదన్నారు. కోసినా లాభం లేదని! పిల్లనీ వదిలేశారా? అదన్నా చెప్పవే!"

"నా మాట నమ్మరుగా. పదండి, డాక్టర్‌నే అడుగుదురుగాని!"

పిల్లను పక్కింట్లో వదిలి ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరు తెర తిప్పి చూపించాడు. "ఇదీ గడ్డ. బొమ్మ తీసిన మెషీనే దాన్లో ఏ పదార్థాలు ఎంతున్నాయో కూడా కొలుస్తుందమ్మా. దాన్నిబట్టి మెల్లగా పెరిగే రకమనిపిస్తోంది."

"బొమ్మలు ఎవరైనా చూపిస్తారు" అంది మాల్‌సున్.

"నిజమే. గడ్డ తీసి పరీక్ష చేశాకే ఖాయంగా చెప్పగలం. వచ్చేవారం ఆపరేషన్. ఆ తర్వాత కొన్నాళ్లు నడక ఇంకా తూలొచ్చు. మాట ముద్దగా రావచ్చు."

హేరన్ బావురుమంది. "మీకసలే బీపీ అత్తయ్యా... ఆపరేషన్ సంగతి ఎలా చెప్పను?"

మాల్‌సున్ కుర్చీలోంచి లేచి కోడలి పక్కన నిలబడింది. తను మొగుడికి చెప్పిన అబద్ధంలో ఒక్క కష్టమూ లేదు. అంతా తేలికే, అంతా తగ్గిపోయేదే. వీళ్లు చెప్పేదాన్నిండా కష్టాలే. అయితే ఇది నిజం. పిల్లను వదిలెయ్యలేదు!

ఆమె కళ్లు ధారలు కట్టాయి. కోడలి తల పొట్టకు అదుముకుంది.

"ఏడవకే పిచ్చిదానా. తూలితే తూలనీ. మీ ఆయనకు నడక నేర్పిందెవరనుకున్నావ్? దీనికీ నేనే నేర్పుతా."