గుంత షెడ్డులో స్టీరియో

మా వరసలో ఆరు షెడ్లు. అయిదింట్లో పొద్దున్నే సుత్తి చప్పుడు మొదలైతే రాత్రి దాకా ఆగదు. ఆరోది, ఆ చివరిది... చీకటి పడితే దాని ముందు నుంచి కుక్క కూడా పోదు. కార్ల కిందికి దిగి పని చేసుకోవడానికి అక్కడ నేలలో నిలువెత్తు గుంత తవ్వి ఉంది. అందుకే అందరూ దాన్ని గుంత షెడ్డు అంటారు.

ఆ గుంత మీద ఓ పాత కారు ఏడాదిగా కదలకుండా ఉండేది. రాత్రిళ్లు దాని దగ్గర వైర్లు అతికే టంకం వాసన వస్తుందని, ఎవరో ఆకురాయితో చెక్క అరగదీస్తున్నట్టు గరగరా చప్పుడవుతుందని చెప్పుకునేవాళ్లు. కాపలాకి పెట్టిన ముసలాయన పదిరోజులున్నాడు. పదకొండో రోజు చెప్పులు కూడా తొడుక్కోకుండా పోయాడు. మళ్లీ రాలేదు.

"కారు ఎవరిదో తెలుసుగా..." అని ఒకడంటే, "ఊరుకోరా బాబూ, పొద్దుపోయాక ఆ పేరెత్తకు" అని ఇంకొకడు.

ఆ పేరు మా అన్నయ్యది. నేను ఆయన చెల్లెల్ని. నాలుగో షెడ్డులో కార్ల సీట్లకి కవర్లు కుట్టేది నేనే. నిజం చెప్పొద్దూ, ఆ పుకారుకి మొదటి కుట్టు వేసిందీ నేనే. ఎందుకంటారా? కడుపుమంట! చెప్తా, వినండి.

మా అన్న కార్లలో స్టీరియోలు బిగించేవాడు. పదిసార్లు కొలిచి ఒక్కసారి కోసే రకం. కొలతలాయన అని పేరు పడిపోయింది. గుంత షెడ్డు మేస్త్రి దగ్గర ఇరవై రెండేళ్లు చేశాడు. ఒకే కంచం, ఒకే మంచం అన్నట్టుండేవాళ్లు ఇద్దరూ.

ఓ రోజు మా అన్న సెట్టు బిగించిన టాక్సీ ఒకటి నడిరోడ్డు మీద అంటుకుంది. సెట్టు వెనకాల నుంచే మంట లేచింది. డ్రైవరు బతికాడు గానీ, తలుపు తీసే తొందరలో రెండు అరచేతులూ కాలిపోయాయి. స్టీరియోకి వెళ్లే వైరు మధ్యలో చిన్న ఫ్యూజు పెడతారు. ఎక్కడ తేడా వచ్చినా అది మాడిపోయి బండిని కాపాడుతుంది. "ఫ్యూజు పెట్టకుండా వైరు డైరెక్టుగా కలిపేశాడండీ. నేనా రోజు లేను" అన్నాడు మేస్త్రి, అందరి ముందూ, మా అన్న మొహం మీదే.

మా అన్న "పెట్టాను" అన్నాడు. ఒక్కసారే అన్నాడు. ఇంకొకళ్లయితే చొక్కా పట్టుకునేవాళ్లు. ఈయనకి ఆ విద్య రాదు. ఎవరేమన్నా తలొంచుకుని వినడమే గానీ, "ఇదేంటి" అని ఎదురడిగిన పాపాన పోలేదు పుట్టి బుద్ధెరిగాక.

ఆ డ్రైవరు కట్లు కట్టిన చేతులతో మా అన్న గడప ముందు నిలబడి, "నా చేతులు తిన్నావు కదయ్యా, నీ చేతులకి ఇంక పని దొరక్కుండా పోవాలి" అని తిట్టిపోశాడు. అలాగే అయింది. ఎవరూ పని ఇవ్వలేదు. మా అన్న గోడవైపు తిరిగి పడుకుని, తొమ్మిదో నెలలో అలాగే కన్ను మూశాడు. మేస్త్రి వచ్చి కళ్లొత్తుకుని వెళ్లాడు. ఆ కళ్లు పీకేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

అన్నకి ఒక్కతే కూతురు. కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టే పని. తండ్రి చెయ్యే దానిది, తండ్రి నోరు మాత్రం కాదు. ఓ సాయంత్రం నా షెడ్డుకొచ్చి, "అత్తా, గుంత షెడ్డులో వదిలేసిన నాన్న కారు తెచ్చేసుకుంటా. కానీ ముందు అందులో సెట్టు బిగిస్తా" అంది.

ఊరందరి కార్లలో పాటలు పెట్టిన మనిషి, తన కారు డాష్‌బోర్డులో మాత్రం పాత రేడియో పీకేసిన బొక్క అలాగే వదిలేశాడు. రేపు, ఎల్లుండి అంటూనే పోయాడు.

మేస్త్రి దగ్గరికి ఇద్దరం వెళ్లాం. "ఎందుకమ్మాయ్ నీకీ తలనొప్పి, మావాళ్లెవరైనా పెడతారు" అన్నాడాయన.

"వద్దు బాబాయ్. నేనే పెట్టుకుంటా. మీవాళ్లు పెడితే మళ్లీ ఫ్యూజు మర్చిపోతారేమో!"

మేస్త్రి మొహంలో నెత్తురు చుక్క లేదు. "సరే సరే, రెండు వారాల్లో తీసుకుపో" అని అవతలికి వెళ్లిపోయాడు. అప్పుడు చూశాను మా పిల్ల కళ్లు. తప్పు ఎవరిదో దానికి ఆ క్షణమే అర్థమైపోయింది. రుజువే లేదు.

ఇక మొదలుపెట్టింది. షాపు నుంచి వచ్చి, షెడ్లు కట్టేసే దాకా ఆ కారులోనే ఉండేది. కొత్త సెట్టు వెడల్పు, పాత బొక్క ఇరుకు. ముందు చెప్పుల పెట్టె అట్ట కోసి అచ్చు తీసింది. అట్ట సరిగ్గా కూర్చున్నాక దాని ప్రకారం పలక చెక్క కోసింది. కోసి, పెట్టి, చూసి, ఓ పిసరు అరగదీసి, మళ్లీ పెట్టి... "గోరంత ఖాళీ ఉంటే ఏమవుతుందే" అంటే, "బండి గతుకుల్లో పడితే పళ్లు కొరికినట్టు చప్పుడొస్తుందత్తా" అనేది. ఓసారి డాష్‌బోర్డు కొక్కెం పుటుక్కున విరిగింది. అది తిట్టిన తిట్లకి గుంతలో బల్లి కూడా పారిపోయింది. చెక్క మీద నల్ల రెక్సిను నేనే అంటించాను. సెట్టు చుట్టూ వచ్చే రేకు పెట్టెని ముందు కూర్చోబెట్టి, దాని చెవులు స్క్రూడ్రైవరుతో వంచి, సెట్టు లోపలికి నెట్టింది. టక్ మంది. కంపెనీలో పుట్టినట్టే ఉంది.

మీకు ఇప్పటికి తెలిసే ఉంటుంది, ఆ టంకం వాసనా ఆకురాయి చప్పుడూ ఎవరివో. మేస్త్రి తాళం వేసి వెళ్లాక పిల్ల వెనక రేకు జరిపి మళ్లీ లోపలికి దూరేదని ఆయనకి తెలీదు. పొద్దున్నే టీ దగ్గర నేను "నిన్న రాత్రి మళ్లీ వినపడిందర్రా..." అని కళ్లు పెద్దవి చేసేదాన్ని. మేస్త్రి టీ సగంలో వదిలేసేవాడు.

ఇక ఆ రాత్రి సంగతి. మేస్త్రి తర్వాత పదిమందికీ చెప్పుకున్నది చెప్పినట్టే చెబుతున్నా.

తాళాలు ఎవరి చేతికీ ఇవ్వడు కాబట్టి, అందరూ వెళ్లాక ఒక్కడే షెడ్డు కట్టేస్తున్నాడట. తలుపు దగ్గరికి లాగబోతే... లోపల సన్నటి నీలం వెలుతురు. కారులో.

సర్ర్... సర్ర్... అని చప్పుడు. ఎవరో గుడ్డతో అద్దం తుడుస్తున్నట్టు.

"పిల్లముండ... ఎర్ర వైరూ పసుపు వైరూ కలిపేసినట్టుంది" అని నవ్వుకున్నాడట. నిజమే, కొత్తవాళ్లు చేసే తప్పే అది. ఆ రెండూ కలిపేస్తే తాళం తీసేసినా సెట్టు ఆగదు.

ఏ మెకానికైనా ముందు చేసే పనే ఆయనా చేశాడు. బానెట్ ఎత్తి బ్యాటరీ టెర్మినల్ పీకేశాడు.

తలుపు తీసినప్పుడు వెలిగిన కారు పైలైటు ఆరిపోయింది. నీలం వెలుతురు ఆరలేదు.

సర్ర్... సర్ర్...

రెండో టెర్మినల్ కూడా పీకాడు. బ్యాటరీ మొత్తం ఎత్తి కింద పెట్టాడు. చేతికి చెమట పట్టి జారి కాలి మీద పడబోయింది. కరెంటు లేని కారులో సెట్టు పలుకుతూనే ఉంది.

పారిపోవచ్చుగా? మేస్త్రి కదా, పౌరుషం. సెట్టే పీకేద్దామని స్క్రూడ్రైవరు పట్టుకుని ఎడమ సీట్లో కూర్చుని వంగాడు. అప్పుడు చప్పుడు ఆగింది.

"మేస్త్రీ..."

స్క్రూడ్రైవరు చేతిలోంచి జారిపోయింది. తలుపు తీద్దామంటే చెయ్యి లేవలేదన్నాడు.

ఇక్కడ ఆగండి. ఇప్పుడు నా షెడ్డులో సంగతి చెబుతా.

దీపం ఆర్పేసి ముగ్గురం కూర్చున్నాం. నేనూ, నా మేనకోడలూ, ఇంకొకడు ఆ టాక్సీ డ్రైవరు. బతిమాలి తీసుకొచ్చాను. "అక్కా, ఎందుకీ పాత గొడవ" అని గొణుగుతూనే వచ్చాడు. మా పిల్ల ఫోను ఆ కారు సీటు కింద ఉంది. దానంతట అదే కాల్ ఎత్తి, సెట్టుతో కలిసి, స్పీకర్లలో పలుకుతుంది. అద్దం పక్కన పిల్ల బిగించిన చిన్న మైకు అక్కడి మాట ఇక్కడికి తెస్తుంది. ఇటు నా ఫోను. సర్ర్ మని వినిపించింది నేను ఫోను ముందు రుద్దిన రెక్సిను ముక్క. మరి కరెంటో? వెనక సీటు కవరు విప్పి, లోపల స్కూటరు బ్యాటరీ పెట్టి, మళ్లీ కుట్టేశాను. సెట్టు వైర్లు రెండూ దానికే కలిపింది పిల్ల. మేస్త్రి మొట్టమొదట టెర్మినల్ పీకుతాడని దానికి తెలుసు. మెకానిక్కుల మధ్య పెరిగిన పిల్ల మరి!

గుసగుసకి ఆడా మగా తేడా ఉండదు. పిల్ల ఫోను దగ్గరగా వంగింది.

"ఫ్యూజు... పెట్టానా, లేదా?"

అవతల ఊపిరి చప్పుడు. తర్వాత మేస్త్రి గొంతు, ఏడుపు కలిసి. "పెట్టావురా... పెట్టావు. నేను చూశాను. నన్ను వదిలెయ్!"

నేను డ్రైవరు మొహం చూశాను. ఫోను వైపే వంగి చూస్తున్నాడు. పిల్ల కళ్లలో నీళ్లు. అయినా మళ్లీ వంగింది.

"మరి బండి... ఎందుకు కాలింది?"

ఈలోపు ఆయనకి ధైర్యం వచ్చినట్టుంది, గొంతు గట్టిపడింది. "నాకేం తెలుసు? ఏ నాసిరకం ఫ్యూజో పెట్టి ఉంటావు. వైరు ఎక్కడో ఒరుసుకుని ఉంటుంది. పనిచేసింది నువ్వు! తప్పు నీదే!"

నాకు ఒళ్లు మండిపోయింది. చచ్చినవాడికి కూడా అబద్ధం చెబుతున్నాడు చూడండి! డ్రైవరు ఫోనుకి దూరంగా, నా చెవి దగ్గరికి వంగి, "అదీ నిజమే కావచ్చు కదక్కా... ఫ్యూజు మంచిది కాదేమో" అన్నాడు. పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంకేం అడగాలో దానికి తెలీదు. నాకూ తెలీదు. అసలేం జరిగిందో తెలిస్తే కదా అడగడానికి. అయిపోయింది, మా అన్న పేరు ఇక ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది అనుకున్నా. కాల్ ఆపేద్దామని పిల్ల వేలు చాపింది.

"కాగితమా?"

మేస్త్రి గొంతు. పిల్ల వేలు అక్కడే ఆగింది.

"ఏ... ఏ కాగితం?" మళ్లీ నిశ్శబ్దం. తర్వాత ఒక్కసారిగా, చిన్నపిల్లాడు ఏడ్చినట్టు... "నాదే. నా సిగరెట్ పెట్టెలోదే. వెండి కాగితం. డ్రైవరు పాట రావట్లేదని బండి తెచ్చాడు. నువ్వు భోజనానికి వెళ్లావు. చూస్తే ఫ్యూజు మాడిపోయి ఉంది. వేరేది చేతికి దొరకలేదు. ఆ మాడినదానికే కాగితం చుట్టి పెట్టేశాను. ఒక్కపూటకే అనుకున్నాను రా! తర్వాత మర్చిపోయాను. కాలాక... భయమేసి నీ మీద తోసేశాను."

డ్రైవరు తన అరచేతులు చూసుకున్నాడు. "అవును... ఆ మధ్యాహ్నం నేను వెళ్లాను. రెండు నిమిషాల్లో సరిచేసి పంపాడు" అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తానే.

అవతల మేస్త్రి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. మాట్లాడటం కాదు, జవాబులు చెబుతున్నాడు. "చెప్తా... రేపు పొద్దున్నే చెప్తా... అందరి ముందూ... ఆ, డ్రైవరుకి కూడా..." మధ్యమధ్య ఆగుతున్నాడు, ఎవరో అడిగేది వింటున్నట్టు. ఆఖరికి "భుజం మీద చెయ్యి తియ్యరా, నీకు దణ్ణం పెడతా!" అని ఓ కేక. తలుపు దభీమంది. మా షెడ్డు ముందు నుంచే పరిగెత్తాడు, చెప్పుల్లేకుండా.

"అత్తా..." పిల్ల నా వైపు తిరిగింది. "నువ్వేమన్నా అడిగావా?"

"నేనెక్కడ అడిగానే! నువ్వు?"

"నాకసలు కాగితం సంగతే తెలీదు కదత్తా."

డ్రైవరు వైపు చూశాం. అతను తల అడ్డంగా ఊపాడు.

మర్నాడు పొద్దున్న మేస్త్రి ఆరు షెడ్ల వాళ్లనీ పిలిచి, వరస మధ్యలో నిలబడి అంతా చెప్పాడు. డ్రైవరు మా అన్న ఇంటికి వెళ్లి, తను తిట్టిన గడప మీదే కూలబడి ఏడ్చాడు. మేస్త్రి దగ్గరికి ఇప్పుడు ఎవరూ బండి తేవట్లేదు. పగలంతా షెడ్డు ముందు గోడవైపు తిరిగి కూర్చుంటాడు. నాకు జాలి లేదు. ఉందని అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఆ కాల్ నా ఫోనులో రికార్డయింది. ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. "తప్పు నీదే" అన్న మాటకీ "కాగితమా" అన్న మాటకీ మధ్య డ్రైవరు సణుగుడు ఉంది, ఆ తర్వాత ఉత్త నిశ్శబ్దం. ఇంకేం లేదు.

మా అన్న బతికున్నన్నాళ్లూ ఎవర్నీ ఎదురు ప్రశ్న అడగలేదు. చచ్చాక అడిగాడు. ఏమని అడిగాడో మేం వినలేదు. మేస్త్రి విన్నాడు, నాకది చాలు.