పాదాలమ్మ గుహ

“టార్చిలో బ్యాటరీలు ఏవండీ?”

“టీవీ రిమోట్‌లో వేశాను. నిన్న మ్యాచ్ కదా!”

“గుహకు పోవాలని నెల రోజులుగా చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నాను. మీకు ఆ బ్యాటరీలే దొరికాయా?”

రంగనాయకులు గొణుగుతూ వాటిని పీకి టార్చిలో దూర్చాడు. “వెలుగుతోందిగా, ఇంకేం?”

సుభాషిణి టిఫిన్ క్యారియర్ అతని చేతికిచ్చి, నల్లమల కొండ వైపు నడిచింది.

పోయిన నెల ఆమె తన తల్లి వెంగమ్మను రాజధానిలోని మ్యూజియానికి తీసుకువెళ్లింది. రాతి విగ్రహాల గదిలో ఒక దేవత ముందు వెంగమ్మ కొయ్యబారిపోయింది. దేవత మోకాలి వైపు ఉడుము పాకుతోంది. ఉడుముకు తోక లేదు, దేవతకు పాదాలు లేవు. “ఈయమ్మే! మా గుహలో అమ్మోరు!” అంటూ వెంగమ్మ వలవలా ఏడ్చింది. కింద బోర్డు మీద మాత్రం, ‘పాదాలు కాలక్రమంలో శిథిలమైనవి. దొరికిన చోటు తెలియదు’ అని రాసి ఉంది.

కొత్త కోడలిగా ఉన్నప్పుడు వెంగమ్మ ఒకనాడు వానకు ఆ గుహలో తలదాచుకుంది. ఆ నెలలోనే విగ్రహం మాయమై, పాదాలు మిగిలాయి. ఆడది అడుగుపెట్టి మైలపరిచిందని, అమ్మవారు అలిగి వెళ్లిపోయిందని ఆమె బావగారు పుల్లయ్య తేల్చాడు. గుహలో పూజ చేసేది ఆయనే. నాటి నుంచి ఆడవాళ్లెవరూ గుహ తొక్కకూడదు. ఆ మైల పేరున వెంగమ్మ నేటికీ ఇంట్లో అందరూ తిన్నాక, వంటింటి మూల ఒంటరిగా తింటోంది.

ముళ్లపొదలు చీల్చుకుంటూ, బండల మీద పాకుతూ, మిట్టమధ్యాహ్నానికి ఇద్దరూ గుహ చేరారు. లోపల గబ్బిలాల కంపు. వంగి వంగి నడవగా, పసుపు దట్టంగా పేరుకున్న రెండు రాతి పాదాలు కనిపించాయి. వాటి పక్కన ఉడుము తోక!

“దొరికింది!” అంది సుభాషిణి. అదే క్షణంలో టార్చి ఆరిపోయింది.

“నేనేం చేసేది?” చీకట్లో రంగనాయకులు గొంతు పీలగా వినిపించింది.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని పాదాలను తడిమింది. ఇన్నేళ్లూ మగవాళ్లు వేళ్ల మీద పసుపు చల్లి దండం పెట్టుకున్నారే తప్ప, చీలమండ మీద చెయ్యి వేసిన పాపాన పోలేదు. విరిగిన రాయి గరుకుగా ఉండాలి. ఇది కత్తిపీట మీద కోసిన సొరకాయలా చదునుగా ఉంది. గోటితో పసుపు గీకింది. అడుగున వరసగా గీతలు. ఒక గీత చివర తుప్పుపట్టిన ఇనుప పళ్లు వేలికి గుచ్చుకున్నాయి.

ఆమె ఒళ్లు మండిపోయింది.

“రంపం! రంపంతో కోశారండీ! అలిగిన అమ్మ తన కాళ్లు తానే కోసుకుని పోతుందా?”

ఆ కేకకు గుహ దద్దరిల్లింది. లోపలి నుంచి గుర్రుమంటూ చప్పుడు లేచింది.

“ఎలుగుబంటి! పద, పద!”

సుభాషిణి కదల్లేదు. రంపం ముక్కను అటూ ఇటూ ఊపి పెరికింది. రంగనాయకులు స్టీలు క్యారియర్‌ను బండకేసి ఠంగుఠంగున బాదాడు. పులిహోర చెల్లాచెదురైంది. ఎలుగు ఒక్క క్షణం తటపటాయించింది. ఆ సందులో ఇద్దరూ వెలుగులోకి దూకి, రాళ్ల వాలు మీద జారుకుంటూ కొండ దిగారు.

“పాదాలు కూడా తెచ్చి ఉంటే గట్టి సాక్ష్యమయ్యేది కదా?” ఒగరుస్తూ అన్నాడతను.

“తెస్తే ఆ విగ్రహం దొంగలకూ నాకూ తేడా ఏముంది?”

ఆ రాత్రి పుట్టింట్లో పుల్లయ్య జొన్నరొట్టె తుంచుతుండగా, సుభాషిణి ఆయన కంచం పక్కన తుప్పు ముక్క పెట్టింది.

“ఇదేందిమే?”

“రంపం, పెదనాన్నా. అమ్మోరి కాళ్లలో ఇరుక్కుని ఉండె. ఇన్నేళ్లు పూజ చేస్తివే, ఒక్కనాడన్నా చూస్తివా?”

పుల్లయ్య రొట్టె కంచంలో పెట్టి, ఆ ముక్క పళ్లు తడిమి చూశాడు.

“దీన్ని తీసుకుని మ్యూజియానికి పోతున్నా. ఆ బోర్డు మీద మన ఊరి పేరు రాసేదాకా వాళ్లను వదిలిపెట్టను” అంది సుభాషిణి.

వంటింటి గడపలో చప్పుడైంది. వెంగమ్మ కంచం పట్టుకుని వచ్చి, పంక్తిలో పుల్లయ్యకు ఎదురుగా కూర్చుంది.

“మంగళవారం అమ్మకు పసుపు పూసేది నేనే, బావా,” అంది. “ఆ రొట్టెల గంప ఇట్ల జరుపు.”